మైలేజీయము: సవ్యాఖ్యానము

మూలము: “పికప్పు బాగుండాదప్పా, మైలేజీ ఇయ్యదు. ఇంగ మీదట అన్నీ కరెంటు బండ్లే.”

అవతారిక: పెనుకొండ చెంత 44వ జాతీయ రహదారి ప్రక్కనున్న చాయంగడి యొద్ద, కారు నెండలో నిలిపి తాను నీడన నిలిచిన యొక విద్వాంసుడు, ఎవ్వరు నడుగకయే, మడకశిర బస్సుకై నిరీక్షించుచున్న మా యందఱ నుద్దేశించి యనుగ్రహించిన వాక్యమిది. ఎఱ్ఱమంచి కియా కర్మాగారమునుండి 2019లో తొలి సెల్టోసు వెలువడిన నాటినుండి ఈ సీమలో నిట్టి విద్వాంసులకు కఱవు లేదు. తక్కిన కఱవు లన్నియు నున్నవి.

పదార్థము: ‘పికప్పు’ సుగమము గనుక విడిచితిమి. మూలమున లేనిది వ్రాయనని ప్రతినపూనిన వ్యాఖ్యాత మల్లినాథసూరి మెదకు సీమవాడు. మా కా నియమము లేదు.

విచార్యమైనది ‘మైలేజీ’. 1956 నాటి తూనికలు కొలతల చట్టముతో మైలునకు కాలము చెల్లినది. అయినను లీటరున కిన్ని కిలోమీటర్లని లెక్కించుచు దానిని మైలేజీ యనుట జహదజహల్లక్షణ. పదము తన యర్థమున నొక భాగమును విడిచి వేఱొకదానిని పట్టుకొనును. మైలు పోయినది, దూరము మిగిలినది. మన యామడను నిలుపుకొనియుండినచో ‘ఆమడేజీ’ యని యుందుము.

ఇక ‘ఇయ్యదు’. ఆవు పాలిచ్చును, చేను పంట నిచ్చును, షావుకారు అప్పిచ్చును. ఇన్నింటికి నొక్కటే ధాతువు. మా యనంతపురపు మెట్టలో దీనికి ముఖ్యకర్త బోరుబావి. “మీ బోరు ఎన్నించులిస్తాదప్పా?” అనునది యిచ్చటి కుశలప్రశ్న. నీటి నించులలో కొలుచుట పరసీమవారికి వింతగా తోచవచ్చును గాని, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదియు వేరుసెనగ ఊడలు దిగు వేళకు మొగము చాటువేయు వాన, కురియు చోట ఇంచు గొప్ప మానమే. రిగ్గు లారీ వచ్చిన రాత్రి యూరు నిద్రపోదు. నాలుగువందల యడుగులకు తెల్లని రాతిపిండి. ఆఱువందలకు తెల్లని రాతిపిండి. ఎనిమిదివందలకు, ఇల్లాలి మెడలోనిది తాకట్టునకు పోయిన పిదప, కొంచెము తడి. ఒక్కొక్కప్పు డా తడియు లేదు. అడుగున కింత యను బిల్లు మాత్రము తప్పదు. ఆ రిగ్గు లీటరున కెన్ని యడుగు లిచ్చునో యే విద్వాంసుడును చెప్పడు, మేమును అడుగము.

ప్రకృతమును మఱచితిమి.

అలంకారము: విరోధాభాసము. కంపెనీ చాటు మైలేజీ, పుణెలోని ఏఆర్ఏఐ వంటి పరీక్షాసంస్థలో కారును రోలర్లపై నిలిపి, చక్రములు పరుగెత్తుచుండ బండి కదలక యుండగా తేల్చినది. అచ్చట గుంత లేదు, ఎదురుగాలి లేదు, అడ్డమువచ్చు గొఱ్ఱెలమంద లేదు. కదలని కారు సాధించిన సంఖ్య కదలు కారునకు రాలేదని విద్వాంసుని దుఃఖము. ఇటీవల పెట్రోలున నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలుపుచున్నారు. అదే కొలత పెట్రోలునం దున్న శక్తిలో దానికి మూడింట రెండు వంతులే గలదు గావున మైలేజీ కొంత తగ్గుననుట సత్యమే. మా యూర పాలలో నీరు కలుపువాడును వినియోగదారునకు చెప్పడు. అయితే దానిని దేశసేవ యని యెన్నడు ననలేదు.

‘కరెంటు బండ్లే’: భవిష్యద్వాణి. రామగిరి కొండలపై గాలిమరలు, నంబులపూలకుంటలో సౌరఫలకములు చూచిన వానికి దీనియందు సంశయము పుట్టదు. వాన నియ్యని గాలియు, చేను మాడ్చిన యెండయు కరెంటు మాత్ర మిచ్చుచున్నవి. మరల నదే ధాతువు! ఈ యీవి యెవరి యింటికి చేరునో మూలకారుడు చెప్పలేదు. చెప్పుటకు మున్నే చాయ గ్లాసు ఖాళీ యయ్యెను.

తాత్పర్యము: విద్వాంసుడు కారెక్కి, నాలుగు సీట్లు ఖాళీగా, మడకశిర వైపే వెడలెను. బస్సు రాలేదు.