నీటి నుంచి నీటికి: ఒక సొరకాయ బుర్ర ఆత్మకథ

నేను సొరకాయ బుర్రను. కూరకు కోయకుండా తీగమీదే ముదరనిచ్చిన కాయను. తొక్క గట్టిపడి, లోపల గింజలు గలగలమన్నాకే నన్ను దించారు. మెడ దగ్గర బెజ్జం పెట్టి, గులకరాళ్లు పోసి ఆడించి, ఎండిన గుజ్జునూ గింజలనూ రాలగొట్టారు. రోజూ నీళ్లు మారుస్తూ చేదు పూర్తిగా విరిగేదాకా నానబెట్టారు. ఆ చేదు ఒంటికి చెరుపు చేస్తుంది, అందుకే ఆ పనిలో తొందర పనికిరాదు. చివరికి పురికొసతో వల అల్లి భుజానికి తగిలించుకునేలా చేశారు. గొర్రెల కాపరులకూ, పొలం వెళ్లే రైతులకూ, కాలినడకన కొండకు బయల్దేరినవాళ్లకూ నా జాతి ఇలాగే నీళ్లు మోసింది. ఆ పుట్టుకే నాకు ఒక మాట చెప్పే హక్కు ఇచ్చింది. దూరపు పాదయాత్రకు ఏర్పాట్లు చేసుకునేవాళ్లు కిలోమీటర్లు కాదు, ముందు నీళ్లు లెక్కపెట్టుకోవాలి.

శ్రీశైలం దారినే చూడండి. ఆత్మకూరు వైపు నుంచి వచ్చే భక్తులు వెంకటాపురం దగ్గర నల్లమలలో అడుగుపెట్టి నాగలూటి, దామెర్లకుంట, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను మీదుగా కైలాసద్వారం ఎక్కి మల్లన్న సన్నిధికి చేరతారు. ఈ మజిలీలను దూరాలు సమంగా పంచి ఎవరూ నిర్ణయించలేదు. కుంట ఉన్నచోట, చెరువు ఉన్నచోట, బావి ఉన్నచోట మనిషి ఆగాడు. ఆగినచోటే వంట చేసుకున్నాడు, నిద్రపోయాడు. తరాల నడక ఆ దారికి రాసిపెట్టిన ప్రణాళిక అది. కాగితం మీద రోజుకు ఇన్ని కిలోమీటర్లని గీత గీసుకునేవాడు ఆ అనుభవాన్నంతా పక్కనపెట్టి, చీకటిపడే వేళకు నీళ్లులేని రాళ్లగుట్ట మీద తేలే ప్రమాదం ఉంది.

లెక్క వేసి చూసినా ఇదే తేలుతుంది. ఎండలో ఎత్తు ఎక్కే మనిషికి గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా నీళ్లు కావాలి. లీటరు నీళ్లంటే కిలో బరువు. పది గంటల నడకకు సరిపడా మోయాలంటే ఐదు నుంచి పది కిలోలు వీపున పడతాయి, ఆ బరువుకు ఇంకా దప్పిక పెరుగుతుంది. అందువల్ల రోజంతటికీ మోయడం కుదరదు, ఒక నీటిచోటు నుంచి తర్వాతి నీటిచోటుకు సరిపడా మోయాలి, కాస్త మిగులుతో. కాలాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి. కర్ణాటక భక్తులు వేలాదిగా నడిచివచ్చే ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి. మధ్యలో ఉన్నది నెల రోజులే అయినా ఆ నెలలో ఎండ ముదురుతుంది, కుంటలు అడుగంటుతాయి. అడవి కదా, నీడ ఉంటుందిలే అనుకోవడం కూడా పొరపాటు. నల్లమలలో చాలాభాగం ఆకురాల్చే అడవి. నీడ బాగా కావలసిన రోజుల్లోనే కొమ్మలు బోడిగా ఉంటాయి. శివరాత్రికి సరిపోయిన ఏర్పాటు ఉగాదికి చాలదు.

నీళ్లు ఎక్కడున్నాయో తెలిస్తే సగం పనే అయినట్టు. ఎప్పుడు చేరాలో కూడా తెలియాలి. నల్లమల పులుల అభయారణ్యం. చిరుతా ఎలుగుబంటీ కూడా ఆ కుంటల దగ్గరికే వస్తాయి, ఎక్కువగా పొద్దు వాలాక, తెల్లవారకముందు. అందుకే పగటివేళ నీళ్లు పట్టుకుని, చీకటిపడక ముందే నలుగురున్న మజిలీకి చేరాలి. ఆ ఏడు అటవీశాఖ ఏ తేదీల్లో, ఏ వేళల్లో దారి విడుస్తుందో ముందే కనుక్కోవాలి. ఏ కుంటలో తడి ఉందో పెంటలనే అడవి గూడేల్లో ఉండే చెంచులకు తెలిసినంతగా ఏ పటానికీ తెలియదు, వాళ్లను అడగాలి. దొరికిన నీళ్లను బట్టతో వడకడితే మట్టి పోతుందేగానీ రోగం పోదు. కాచుకోవాలి, లేదా క్లోరిన్ బిళ్ల వేసుకోవాలి. చెమటతోపాటు ఉప్పూ పోతుంది గనుక మూటలో ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉండాలి.

ఇన్ని లెక్కలు వేసుకుంటే ఇక భక్తి ఎక్కడ, మల్లన్న చూసుకోడా అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల విశ్వాసం మీద నాకు గౌరవమే. కానీ మన సంప్రదాయం ఏర్పాటునూ భక్తినీ ఎన్నడూ విడదీయలేదు. మాల వేసుకుని మండలం రోజులు నియమంగా ఉండే శివదీక్ష మనసుకూ ఒంటికీ ఇచ్చే తర్ఫీదే కదా. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్ర కూడా దీక్షా ప్రకరణంతో మొదలై శ్రీశైలం గురించిన పర్వత ప్రకరణానికి చేరుతుంది. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. దేవుడే ఎక్కిస్తాడులే అని ఆయన ఊరుకోలేదు. దారిలో బావులు తవ్వించినవాళ్లూ, చలివేంద్రాలు పెట్టినవాళ్లూ భక్తులే. సొమ్మసిల్లి పడినవాణ్ణి మోయాల్సింది తోటి యాత్రికులే, కాబట్టి ఏర్పాటు లేని నడక తన భారాన్ని వాళ్ల మీద పెడుతుంది.

ఇప్పుడు ట్యాంకర్లూ అన్నదాన పందిళ్లూ వచ్చాయి, బుర్ర అవసరమేముందనే ప్రశ్న కూడా న్యాయమైనదే. ఆ సేవ గొప్పది. అయితే ట్యాంకరు బండి వెళ్లగలిగిన దాకానే వెళుతుంది, భీముని కొలను లోయ దిగి అవతలి ఏటవాలు ఎక్కేటప్పుడు భుజాన ఉన్న నీళ్లే దిక్కు. పైగా అందరూ ఒకే వేళకు చేరితే ఎంత పెద్ద తొట్టి అయినా ఖాళీ అవుతుంది. ప్లాస్టిక్ సీసా తేలిక, పగలదు. నేను రాయికి తగిలితే పగులుతాను, ఆ లోపం ఒప్పుకుంటాను. మీరు నన్నే మోయాలని నేను అనడం లేదు, స్టీలు సీసా అయినా నాకు సమ్మతమే. తాగి పారేసే సీసా మాత్రం వద్దు. అది కుంట గట్టున పడి జింకల కడుపులోకీ వెళుతుంది, వానకు కొట్టుకుపోయి నీళ్లలోకీ చేరుతుంది.

నీటిని బట్టి యాత్ర వేసుకోమని నేను పట్టుబట్టడానికి అసలు కారణం ఇదే. కిలోమీటర్ల లెక్కలో యాత్రికుడు ఒంటరి, తన దూరం తనది. నీటి లెక్కలో తనకు ముందు తాగినవాళ్లూ, తర్వాత తాగబోయేవాళ్లూ, అడవి జంతువులూ, చెంచులూ అందరూ ఉంటారు. అందుకే సబ్బు నురగ కుంటలో కలపకపోవడం, చెత్త మూటకట్టి వెనక్కి తెచ్చుకోవడం కూడా యాత్ర ఏర్పాట్లలో భాగమే. ఎంత దూరం నడిచామన్నదానికన్నా, మన తర్వాత వచ్చినవాళ్లకు ఆ కుంటలో తాగే నీళ్లు మిగిలాయా లేదా అన్నదే పాదయాత్రకు సరైన కొలత.