పొట్టా తగ్గాలి, పుణ్యమూ దక్కాలి

మీ పొట్ట గురించి ఇంటావిడ తప్ప ఇంకెవరూ పట్టించుకోవడం లేదా? దానికో ఆశయం తగిలించండి. ఆటిజం అయితే బాగుంటుంది. ఏప్రిల్ 2 ప్రపంచ ఆటిజం అవగాహన దినం, ఐక్యరాజ్యసమితి పుణ్యమా అని 2008 నుంచీ జరుగుతోంది. ఉగాది బొబ్బట్ల లెక్క తేల్చుకోవాల్సిన రోజులు కూడా అవే. "నేను కిలో తగ్గితే మీరు వెయ్యి ఇవ్వండి" అని వాట్సాప్ గ్రూపులన్నిట్లో పెట్టేయండి. ఆఫీసులో మీ కింద పనిచేసేవాళ్ళతో మొదలుపెట్టండి, కాదనరు.

కిటుకంతా బరువు చూసుకోవడంలోనే ఉంది. మొదటిసారి పెళ్ళి భోజనం చేసొచ్చి, జీన్స్ ప్యాంటు, బెల్టు, జేబులో తాళాల గుత్తి, రెండు ఫోన్లతో మిషనెక్కండి. ఆఖరిసారి తెల్లారగట్ల, లుంగీ మీద, ముందురోజు నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఎక్కండి. అడుగు కదపకుండానే రెండు కిలోలు మాయం. పోయింది నీళ్ళే, కొవ్వు కాదంటాడు డాక్టరు. ఆయనేమైనా చందా ఇచ్చాడా? కళ్ళు తిరిగి పడిపోతే మరీ మంచిది. సెలైన్ సీసా పక్కన దిగిన ఫోటోకి చందాలు వద్దన్నా వస్తాయి.

తర్వాత టీషర్టులు. నీలం రంగు మీద పజిల్ ముక్క వేయించండి. "మేం తప్పిపోయిన ముక్కలం కాదు, ఆ బొమ్మ మాకొద్దు" అని ఆటిజం ఉన్న పెద్దవాళ్ళే చాలామంది అంటున్నారు. వాళ్ళనడుగుతూ కూర్చుంటే టీషర్టులు ఎప్పటికి అచ్చవుతాయి?

ముగింపు సభ నెక్లెస్ రోడ్డులో. డీజే తప్పనిసరి, వీలైతే తీన్మార్ కూడా. ఒక బాబు రెండు చెవులూ గట్టిగా మూసుకుని, వాళ్ళమ్మ చున్నీలో మొహం దాచుకుంటాడు. ఆవిడ వాణ్ణి కారు వైపు తీసుకెళ్ళబోతుంది. వెళ్ళనివ్వకండి, ఇంకా గ్రూపు ఫోటో కాలేదు. "మీకోసమే కదమ్మా ఇదంతా" అనండి. పనిలో పనిగా "చిన్నప్పుడు సెల్‌ఫోన్ ఎక్కువిచ్చారా?" అని కూడా అడగండి. అలాంటి ప్రశ్న ఆవిడకి కొత్తేం కాదు.

వచ్చిన డబ్బుతో ముందు టీషర్టులవాడికీ డీజేవాడికీ లెక్క తేల్చండి. మిగిలితే కేకు. స్పీచ్ థెరపీకో, ఆక్యుపేషనల్ థెరపీకో కట్టాలనుకోవద్దు. అవి వారం వారం, ఏళ్ళ తరబడి సాగే పనులు. పూలదండ వేయించుకునే అవకాశం వాటిలో ఎక్కడిది? ఆటిజం ఉన్నవాళ్ళకి నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. తెలియని తల్లిదండ్రుల పక్కన కూర్చుని ఆ దరఖాస్తు నింపిపెట్టొచ్చు. కానీ అందులో మీ నడుము కొలత రాసే గడి లేదు. రసీదు అడిగినవాణ్ణి గ్రూపులోంచి తీసేయండి.

ఇంత చేసినా ఒక్క కిలో కూడా తగ్గలేదా? కంగారు పడకండి. ఒప్పందం ప్రకారం ఎవరూ పైసా ఇవ్వక్కర్లేదు. ఆ నెల బాబు థెరపీ ఫీజు వాళ్ళమ్మానాన్నలు కట్టుకుంటారు. కిందటి నెల కట్టిందీ వాళ్ళే.