తర్రెంలో ఆ మంచం ఎవరిది?

ఛత్తీస్‌గఢ్ టూరిజం బోర్డు మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
రాయ్‌పూర్.

విషయం: బీజాపూర్ జిల్లా ఉసూరు బ్లాకు తర్రెం గ్రామంలో ఇకముందు వెలిసే హోంస్టేలు – వాటిలో ఎవరు ఎక్కడ పడుకుంటారో ప్రకటనలోనే చెప్పించవలసిందిగా విన్నపం.

అయ్యా,

తర్రెంలో హోంస్టే ఏమిటని మీ గుమాస్తా ఈ కాగితాన్ని పక్కన పడేయవచ్చు. అతని తప్పేమీ లేదు. ఆ ఊరి పేరు మాలో చాలామంది మొదటిసారి విన్నది 2021 ఏప్రిల్ 3న, దగ్గర్లోని అడవిలో మావోయిస్టులతో జరిగిన కాల్పుల్లో 22 మంది జవాన్లు చనిపోయినప్పుడు. కానీ ఇప్పుడు బాసగూడ మీదుగా జగర్‌గుండ వైపు రోడ్డు పడింది. రోడ్డు పడ్డ చోటికి మా తెలుగువాళ్లు రాకుండా ఉండరు. శని, ఆదివారాల్లో చిత్రకోట, తీరథ్‌గఢ్ జలపాతాల దగ్గర కార్ల నంబర్లు చూడండి, మీకే తెలుస్తుంది. ఉసూరు వైపు నంబి జలపాతం వీడియోలు మా ఫోన్లలో ఎప్పటినుంచో తిరుగుతున్నాయి. మీ ప్రభుత్వమేమో 2025లో, బస్తర్, సర్గుజా పల్లెలను దృష్టిలో పెట్టుకుని, 2025–30 హోంస్టే విధానం తెచ్చింది. కాంగేర్ లోయలోని ధుడ్‌మారాస్‌ను ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో ఉత్తమ పర్యాటక గ్రామాల ఉన్నతీకరణ కార్యక్రమానికి ఎంచుకుంది. అంచేత తర్రెం పేరుతో మొదటి ప్రకటన ఇవాళ కాకపోతే రేపు పడుతుంది. పడ్డాక మొత్తుకోవడం కంటే ముందే మొరపెట్టుకోవడం మేలని ఈ లేఖ.

మా బాధ చిన్నది: పడక. అద్దె ఇళ్ల ప్రకటనల్లో అన్నిటికంటే ఎక్కువ అబద్ధాలు ఆడించేది పడకగదే. వంటగది ఉంటే ఉందంటారు, లేకపోతే లేదంటారు. పడక దగ్గరికి వచ్చేసరికి లెక్కలు మారిపోతాయి. ‘ఆరుగురికి సరిపడా’ అంటే ఒక డబుల్ కాట్, మనిషి కూర్చుంటేనే మూలిగే సోఫా కమ్ బెడ్ ఒకటి, బీరువా పైన చుట్టిపెట్టిన పరుపు ఒకటి. ‘ఎక్స్‌ట్రా బెడ్ ఇవ్వబడును’ అంటే ఆ పరుపే, అయిదు వందలు అదనంగా. విశాఖలో ఒక ఫ్లాట్‌లో నాకు దొరికిన ‘రెండో పడకగది’ అద్దాలు బిగించిన బాల్కనీ. పక్కన వాషింగ్ మెషిన్ తిరుగుతుంటే దానితోపాటు నేనూ ఊగుతూ పడుకున్నాను. ఫోటో మాత్రం గుమ్మం మూలన నిలబడి వైడ్ యాంగిల్‌లో తీస్తారు, పది అడుగుల గది ఫంక్షన్ హాల్ అంత కనిపిస్తుంది. అడిగితే ‘నిద్ర సుఖమెరగదు’ అంటారు. ఆ సామెత కట్టినవాడు అద్దె ఇచ్చి పడుకుని ఉండడు.

ఈ వ్యాపారం మొదలైంది నిజం చెప్పడంతోనే అంటే మీరు నమ్మకపోవచ్చు. 2007 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంటద్దె కట్టలేక ఇద్దరు కుర్రాళ్లు తమ గదిలో మూడు గాలి పరుపులు వేసి, గాలి పరుపులేనని చెప్పి అద్దెకిచ్చారు. అదే తరవాత ఎయిర్‌బీఎన్‌బీ అయింది. ఇంకా వెనక్కి వెళితే, ఇంగ్లండులో వేర్ అనే ఊళ్లో సత్రం మంచం ఒకటి ఉండేది. పదహారో శతాబ్దం చివర చేయించారట, మూడు మీటర్లు దాటిన వెడల్పు. నాలుగు జంటలు పడుకోవచ్చని గొప్పలు చెప్పుకునేవారు. ఆ మంచం ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. గొప్పలు చెబితే చెప్పారు, మంచమైతే ఉంది కదా!

మీ చేతిలో నిబంధనలు లేవని కాదు. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రకటనలో మాట ఏ భాషలో ఉందో దాని డిస్‌క్లెయిమర్ కూడా అదే భాషలో, అదే ఫాంటులో ఉండాలి, అసలు మాటను అది కొట్టేయకూడదు అని. దీని ప్రకారం ‘రాయల్ బెడ్‌రూమ్’ అని తెలుగులో పెద్దక్షరాల్లో వేసి, కింద చీమతలకాయంత ఇంగ్లీషులో ‘పరుపు నేలమీద’ అని వేయడం కుదరదు. కేంద్ర పర్యాటక శాఖ హోంస్టే పథకం కూడా చూశాను. ఒకటి నుంచి ఆరు గదులు, పన్నెండు పడకలు మించరాదు, గోల్డ్, సిల్వర్ అని తరగతులు. ఇంటి యజమాని కుటుంబంతో సహా అదే ఇంట్లో కాపురం ఉండాలి. బాగుంది. కానీ ఇంట్లో ఉన్న మంచం మనకిచ్చేశాక ఆ కుటుంబం ఏ మూల పడుకుంటుందన్న ఊసు లేదు.

అసలు చెప్పదలచుకున్నది ఇదే. తర్రెం వంటి ఊళ్లో, కోయ, దోర్ల ఇళ్లలో, అద్దె కోసమని విడిగా మంచాలు అల్లి దాచుకోరు. వచ్చినవాడికి వసారాలో మంచం వాల్చి కూర్చోమనడం అక్కడి మర్యాద. ఆ మంచం ఎవరిదో ఒకరిది. తాతదో, బాలింతదో. నేను ఒక రాత్రి నడుం వాలిస్తే ఆ ముసలాయన నేలమీద చాప పరుచుకుంటాడు. చుట్టంగా వెళితే అది ఆతిథ్యం. పన్నెండు వందలు ఫోన్లో కొట్టి వెళ్లినప్పుడు అది నాకు ముందే తెలియాలి. తెలిసి పడుకోవాలో, నేనే చాప అడగాలో నేను తేల్చుకుంటాను.

పడక పోగొట్టుకోవడం ఆ ప్రాంతానికి కొత్త కాదు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలయ్యాక బాసగూడ చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరు రోడ్డు పక్క శిబిరాల్లో పడుకున్నారు, కొందరు అడవిలో, కొందరు సరిహద్దు దాటి మా ఖమ్మం జిల్లా వైపు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. ఆ శిబిరాలకు ‘సహాయ శిబిరం’ అని పేరు. నా లెక్కలో బీజాపూర్ జిల్లాలో పడక గురించి పడ్డ మొదటి అబద్ధపు ప్రకటన అదే. బడుల్లో బలగాలు పడుకుంటే ఖాళీ చేయమని 2011లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. పిల్లలేమో పోటా క్యాబిన్లని వెదురు గోడల హాస్టళ్లలో పడుకుని చదువుకున్నారు. ఇన్ని రకాలుగా పడుకున్నవాళ్ల దగ్గరికి ‘ప్రామాణికమైన గిరిజన నిద్రానుభవం’ అమ్మడానికి ఏ మార్కెటింగ్ కుర్రాడో వస్తాడు. వాణ్ని గుమ్మంలోనే ఆపండి.

వాడు ఘోటుల్ అనే మాట కూడా వాడతాడు, చూస్తుండండి. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1947లో పుస్తకం అచ్చేసిన ఘోటుల్, ఊరి పడుచువాళ్ల సామూహిక నిద్రాశాల, ఉత్తరాన నారాయణపూర్, కొండగావ్ వైపు మురియాలది. దాన్ని తెచ్చి ఉసూరు బ్లాకులో అంటగడితే అది గోదావరి జిల్లాలో బతుకమ్మ ఆడించినట్టు ఉంటుంది.

మరి తర్రెం ప్రకటన ఎలా ఉండాలంటారా? నమూనా నేనే రాసి పంపుతున్నాను, సవరించి వాడుకోండి.

‘మంచాలు రెండు. రెండూ నులకవే. ఒకటి గట్టిగా ఉంది, రెండోది కుక్కి మంచం, నడుం మధ్యకు దిగుతుంది. కాళ్ల వైపు తాడు బిగించి ఇస్తాం గాని తెల్లారేసరికి మళ్లీ దిగుతుంది. ఆరడుగుల మనిషి కాళ్లు చాపితే మడమలు బయటికి వస్తాయి. పరుపు లేదు, బొంత ఉంది. దోమతెర తప్పనిసరి, ఇస్తాం. నాలుగు కోళ్లకు నాలుగు వెదురు కర్రలు కట్టి దించుతాం. ఎండాకాలం పడక వాకిట్లోనే, లోపల ఎవరూ పడుకోలేరు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇంటివాళ్లు తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరడానికి లేస్తారు, చప్పుడవుతుంది. కోళ్లను బుట్ట కింద మూస్తాం, కూత ఆపలేం. మీరు పడుకునే మంచం మా అత్తది. ఆ రాత్రి ఆమె కోడలి దగ్గర చాప మీద పడుకుంటుంది. అద్దెలో ఆమె వాటా వేరే ఇస్తాం.’

దోమతెరను దయచేసి కొట్టేయకండి. మలేరియా ముక్త్ బస్తర్ అని 2020లో ఇంటింటికీ తిరిగి నెత్తురు పరీక్షలు చేసింది మీ ప్రభుత్వమే. హైదరాబాద్‌లో ఆలవుట్ పెట్టుకుని పడుకునేవాడికి ఆ సంగతి తెలియదు. తెర ఉందని రాస్తే చాలదు, చిరుగులు లేవని కూడా రాయాలి.

దరఖాస్తు ఫారంలో ఒక్క గడి పెంచండి చాలు: ‘అతిథి ఉన్న రాత్రి ఇంట్లోవాళ్లు ఎక్కడ పడుకుంటారు?’ దానికి జవాబు గోండీలో చెప్పినా, దోర్లీలో చెప్పినా, తెలుగులో చెప్పినా రాసుకునే మనిషిని పంపండి. హిందీలో నింపి తెమ్మంటే మళ్లీ ఆ మార్కెటింగ్ కుర్రాడి చేతికే పోతుంది ఫారం.

ఇక తనిఖీ. పట్టపగలు జీపులో వచ్చి, గోడ కొలిచి, టీ తాగి, ఫోటో దిగి పోయే తనిఖీ వద్దు. మే నెలలో ఒక రాత్రి పడుకుని పొమ్మనండి. గోల్డా, సిల్వరా అన్నది తెల్లారాక వేసుకోవచ్చు. వచ్చే అధికారి పొడుగెంతో ఒక కార్డు ముక్క ముందే రాయిస్తే, ఆ పూటకి నులక బిగించి ఉంచుతారు.

ఇట్లు,
తమ విధేయుడు,
నడుం నొప్పి గల ఒక తెలుగు యాత్రికుడు