కంపెనీల ఆషాఢం సేల్

టెక్ షేర్లు కుప్పకూలినప్పుడల్లా ఏదో ఒక బోర్డు గదిలో ఎవరికో ఒకరికి పూనకం వస్తుంది. ‘కొంటే ఇప్పుడే కొనాలి, అంతా చవగ్గా దొరుకుతోంది’ అంటాడు. పక్కనున్న ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకరు తలూపుతాడు. ఊపక ఏం చేస్తాడు? బేరం కుదిరితేనే కదా ఆయనకు ఫీజు! ఆషాఢం సేల్‌లో తోసుకునే జనాన్ని చూసి ఈ పెద్దలు నవ్వుకుంటారు గానీ, చీర కొనే ఇల్లాలు డబ్బు చేత పట్టుకుని వెళుతుంది. కంపెనీలు చాలాసార్లు తమ షేర్ల కాగితాలు పట్టుకుని వెళతాయి. ఆ కాగితాల మీదా ఆషాఢం తగ్గింపే నడుస్తోందన్న సంగతి అప్పుడు ఎవరికీ గుర్తుండదు.

2001 సెప్టెంబరు నాటికి నాస్‌డాక్ శిఖరం మీంచి జారి ఏడాదిన్నర అయింది. పీసీలు అమ్ముడుపోక హ్యూలెట్ ప్యాకార్డ్ (హెచ్‌పీ), కాంపాక్ రెండూ నీరసించి ఉన్నాయి. ఒక్కో కాంపాక్ షేరుకు 0.6325 హెచ్‌పీ షేరు ఇచ్చి, మొత్తం 2,500 కోట్ల డాలర్లకు కంపెనీని కొంటామని హెచ్‌పీ ప్రకటించింది. నాలుగో దశాంశ స్థానం దాకా లెక్క తేల్చారు, ఎంత శ్రద్ధో! మార్కెట్ తెరిచిన తొలిరోజే హెచ్‌పీ షేరు దాదాపు అయిదో వంతు పడిపోయి, ఆ 2,500 కోట్లు కాస్తా 2,000 కోట్ల దరికి వచ్చాయి. ఈత రాని ఇద్దరు చేతులు పట్టుకుంటే గజ ఈతగాడు తయారవుతాడట. దీన్నే మేనేజ్‌మెంట్ భాషలో సినర్జీ అంటారు. 15,000 ఉద్యోగాలు తీసేస్తామని కూడా అప్పుడే చెప్పారు కాబట్టి, ఆ మాటకు అసలు అర్థం ఉద్యోగులకు వెంటనే తెలిసిపోయింది. వ్యవస్థాపకుడి కొడుకు, బోర్డు సభ్యుడు వాల్టర్ హ్యూలెట్ వద్దు మొర్రో అన్నా 2002 మార్చి ఓటింగులో విలీనం బొటాబొటి మెజారిటీతో గట్టెక్కింది. దాన్ని భుజాన మోసిన సీఈవో కార్లీ ఫియొరీనాను 2005 ఫిబ్రవరిలో బోర్డే ఇంటికి పంపింది.

జేడీఎస్ యూనిఫేజ్ కథ ఇంకా రంజుగా ఉంటుంది. ఫైబర్ ఆప్టిక్స్ పరికరాల ఈ కంపెనీ 2000 జులైలో ఎస్‌డీఎల్ అనే కంపెనీని 4,100 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి కొంటానంది. బేరం పూర్తయ్యేలోపు షేరు గాలి తీసిన బుడగైంది. ఆస్తుల విలువకు మించి చెల్లించిన సొమ్మును అకౌంటెంట్లు ‘గుడ్‌విల్’ అని ముద్దుగా పిలుస్తారు. ఇలా కొన్న కంపెనీల గుడ్‌విల్‌ను రైటాఫ్ చేస్తే 2001 ఆర్థిక సంవత్సరంలో తేలిన నష్టం 5,000 కోట్ల డాలర్ల పైమాటే.

అమెరికా వాళ్లు కనీసం ఉన్న కాగితాలతో కొన్నారు. మన హైదరాబాద్ ఒకడుగు ముందుకేసింది.

2008 డిసెంబరు 16. లేమన్ బ్రదర్స్ కూలి మూడు నెలలైంది, ఐటీ షేర్లు నేలచూపులు చూస్తున్నాయి. సత్యం కంప్యూటర్స్ బోర్డు సమావేశమై, చైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించింది. ఐటీ ఒక్కదాన్నే నమ్ముకుంటే ప్రమాదమట, అందుకని రియల్ ఎస్టేట్‌లోకి వెళతారట. అదీ రియల్ ఎస్టేట్ సైతం పడకేసిన ఏడాదిలో! ఇంగ్లిష్‌లో సత్యం పేరును తిరగేసి చదివితే మేటాస్ వస్తుంది. హార్వర్డ్ ప్రొఫెసరూ ఐఎస్‌బీ డీనూ ఉన్న బోర్డు మాత్రం దాన్ని ఏ వైపు నుంచీ చదివినట్టు లేదు. న్యూయార్క్‌లో సత్యం షేరు (ఏడీఆర్) సగానికి పైగా కూలడంతో తెల్లారేలోపే బేరం రద్దయింది.

సరిగ్గా 22 రోజులకు రాజుగారి లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవట. ఉత్తుత్తి ఆస్తుల చోట నిజమైన ఆస్తులు పెట్టడానికి మేటాస్ కొనుగోలు ఆఖరి ప్రయత్నమట. లేని డబ్బుతో ఉన్న భూములు కొనడం! మాంద్యంలో చవక బేరమంటే ఇంతకన్నా చవక ఇంకేముంటుంది?

చివరికి నిజంగా డబ్బు పెట్టి సేల్‌లో కొన్నది టెక్ మహీంద్రా. 2009 ఏప్రిల్‌లో షేరుకు 58 రూపాయల చొప్పున వేలంలో సత్యాన్ని దక్కించుకుంది. మేటాస్ ఇన్‌ఫ్రా అదే ఏడాది ఐఎల్ఎఫ్ఎస్ గ్రూపు చేతికి వెళ్లి, తర్వాత పేరు మార్చుకుంది. 2018లో ఆ ఐఎల్ఎఫ్ఎస్ కూడా అప్పులు కట్టలేక చేతులెత్తేసింది.