దండ లేని ఫోటో

పాంచాలంకురిచ్చిలో మా మేనత్త ఇంటి గోడకు రెండు ఫోటోలుండేవి. రెంటికీ దండలే. ఒకటి మా మామది, రెండోది తెల్లవాళ్లను ఎదిరించిన ఆ ఊరి పాళెగాడు కట్టబొమ్మనది. 1799లో ఆయన్ని కయత్తారులో ఉరితీసేనాటికి కెమెరా పుట్టలేదు కనక, ఆ ముఖం 1959 సినిమాలోని శివాజీ గణేశన్‌ది. ఊళ్లో ఎవరికీ అభ్యంతరం లేదు.

మూడో ఫోటో తీద్దామని నేను బయల్దేరాను. క్రాబ్ నెబ్యులా! వృషభరాశిలో ఎద్దుకొమ్ము కొన దగ్గర, పేలిపోయిన నక్షత్రం తాలూకు శేషం. 1054లో ఆ పేలుడు వెలుగును చీనావాళ్లు పట్టపగలే 23 రోజులు చూసి రాసిపెట్టుకున్నారు. అప్పుడు రాజమహేంద్రవరంలో ఏలుతున్నది రాజరాజనరేంద్రుడు. మనవాళ్లు భారతం తెనిగించే సందట్లో తల ఎత్తి ఉండరు.

సంక్రాంతి వెళ్లాక, మబ్బులేని రాత్రి చూసి అత్త ఇంటి పెరట్లో టెలిస్కోపు పెట్టాను. దూరం 6,500 కాంతి సంవత్సరాలు, సైజు చందమామ వెడల్పులో నాలుగో వంతుకూడా లేదు. రెండేసి నిమిషాల ఫోటోలు 120 తీసి ఒకదానిమీద ఒకటి పేర్చితే గానీ ఆకారం తేలదు. అంటే నాలుగు గంటల కటిక చీకటి కావాలి.

37వ ఫోటో దగ్గర పెరటి ట్యూబులైటు వెలిగింది. అత్త!

"ఏమిరా, చీకట్లో పురుగూ పుట్రా ఉంటాదే!"

ఆర్పించాను. ఆ వెలుగుకు పొరుగింటి తాత లేచొచ్చాడు. అర్ధరాత్రి ముసుగేసుకుని కూచున్న నన్ను జక్కమ్మ దేవత పేరున జోస్యం చెప్పే బుడబుక్కలవాడనుకున్నాడు కాబోలు, "జక్కమ్మ ఏం పలికింది నాయనా?" అన్నాడు. ఇంకా 83 ఫోటోలున్నాయని పలికిందన్నాను.

తెల్లారాక లాప్‌టాప్‌లో చూపించాను: ఎర్రటి పోగులు, నడుమ నీలి వెలుగు.

"నిజంగా ఇట్లే ఉంటాదా?"

"టెలిస్కోపులో కన్ను పెడితే బూడిద మరకే అత్తా. ఆ ఎరుపు హైడ్రోజన్‌ది, కెమెరా పట్టుకుంది. నేను కాస్త పెంచాను."

"అంటే శివాజీ గణేశన్."

స్నేహితులకు మూడేళ్లుగా చెప్పలేక నేను చచ్చింది ఇదే.

"చచ్చిన చుక్క అంటివే, మరి దండ?"

పూర్తిగా పోలేదత్తా, నడుమ మిగిలిన గింజ ఇప్పటికీ సెకనుకు 30 సార్లు గిర్రున తిరుగుతోందన్నాను. అత్త కాసేపు ఆలోచించి చేతిలోని చామంతి దండ మామ ఫోటోకే వేసేసింది. క్రాబ్ నెబ్యులా ఇప్పుడు మూడో మేకుకు ఉంది, దండ లేకుండా.