నెలకు 1,999! మిగతాది ఎవరు కడతారు?

జీఎస్టీ తగ్గింది కదా, ఇక కారు కొననివాడు మనిషే కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద పన్ను 18 శాతానికి దిగిందో లేదో, సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ నుంచి వచ్చి ఈ సూరత్ పవర్‌లూమ్‌ల మీద బతుకుతున్న మావాళ్ళ ఫోన్లన్నీ ఒకటే పాట: బైకు వదిలెయ్, నెలకు 1,999 కట్టి కారెక్కు.

మారుతీ వాళ్ళు వదిలిన ఈ 1,999 అనే అంకెకు సాష్టాంగ నమస్కారం. వాళ్ళ చిన్న కారు ఎస్-ప్రెస్సో తగ్గింపు ధర 2025లో 3.49 లక్షలు, అదీ షోరూమ్‌లో. నెలకు 1,999 చొప్పున ఏడేళ్ళు కట్టండి. 84 నెలలకు అయ్యేది 1,67,916. వడ్డీ సంగతి దేవుడెరుగు, అసలులో సగం కూడా తీరలేదు! మిగతా సగం మీ మేనమామ చదివిస్తాడా? ముందే ఓ పెద్ద మొత్తం గుంజాలి, లేదంటే కొన్నాళ్ళయ్యాక వాయిదా పెంచాలి. ఇంకో దారి నాకు తోచడం లేదు. మామూలుగా అయితే 3.5 లక్షల అప్పుకు 9 శాతం వడ్డీతో ఏడేళ్ళకు నెలకు 5,600 దాటుతుంది.

పైగా 2,000 కాదట, 1,999 అట. ఆ రూపాయి కలిపితే మనం జడుసుకుంటామని వాళ్ళ దయ.

నాకింకా కసి తీరలేదు. ఆ 1,999తో ఏమొస్తుంది? ఇరవై లీటర్ల పెట్రోలు, పైన చిల్లర. మేముండే లింబాయత్ సందుల్లో రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాలి, మరి ఈ కారును ఎక్కడ పెడతావురా నాయనా? ఎక్కడో జాగా అద్దెకు తీసుకుని, అక్కడిదాకా బైకు మీదే పోవాలి. అంటే బైకు వదిలేది లేదు. గుజరాత్ లైఫ్ టాక్స్ 6 శాతమే, తెలంగాణతో పోలిస్తే చవకే, ఒప్పుకుంటాను. కానీ 2018లో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలి. ఇక హ్యాండ్లింగ్ చార్జీలంటారే, అది పట్టపగటి దోపిడీ.

బీమా కంపెనీల తరుగు పట్టిక చూస్తే, ఆర్నెల్లు దాటిన కారుకు 15 శాతం కోత. నాలుగేళ్ళు దాటితే సగం విలువ పోయినట్టే. అప్పు మాత్రం ఇంకా మూడేళ్ళు ఉంటుంది.

ఈ కార్ల పిచ్చికి సూరత్‌లో ఓ స్థలపురాణం కూడా ఉంది. వజ్రాల వ్యాపారి సావ్‌జీ ఢోలకియా 2014 దీపావళికి ఉద్యోగులకు 491 కార్లు, 2016లో 1,260 కార్లు ప్రకటించాడు. 2018లో మరో 600. వరసగా నిలబెట్టిన కార్ల ఫొటోలు దేశమంతా చూసింది. ఆ 2018లోనే దాదాపు 900 మందికి ఫిక్స్‌డ్ డిపాజిట్లు కూడా ఇచ్చారు. వాటి ఫొటో ఎవరైనా చూశారా? యజమాని ఇచ్చే కానుక ఏడాదికి 5,000 దాటితే అప్పట్లో జీతంలో కలిపి పన్ను వేసేవారని ఆ ఫొటోల కింద ఎవరైనా రాశారా?

వెటకారం చాలు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద 50 శాతం సుంకం వేసింది. వజ్రాలు సాన పట్టేవాళ్ళకు పని గంటలు తగ్గితే కూలీ తగ్గుతుంది, వాయిదా తగ్గుతుందా? మీఠీ ఖాడీ వాగు పొంగిన ప్రతిసారీ లింబాయత్‌లో మోకాళ్ళ పైకి నీళ్ళొస్తాయి. 2006లో తాపీ నది ఊరినే ముంచేసింది. మునిగిన కారు తాళం తిప్పి చూశారా, ఇంజన్ పోయింది. అది మీ తప్పేనంటుంది బీమా కంపెనీ. ఇంజన్ ప్రొటెక్ట్ విడిగా కొనలేదా అని అడుగుతుంది. ఖాడీ గట్టున ఉండేవాడికి కారు అమ్ముతూ ఆ ముక్క ముందే చెప్పనివాణ్ణి ఏమనాలి? రోజు కూలీ మనిషిని ఏడేళ్ళ అప్పులోకి దింపి బెలూన్లు కట్టి, కేకు కోయించి, పరుపంత అట్టతాళం చేతికిచ్చి ఫొటో తీసేవాళ్ళకు సిగ్గనిపించదా? దసరాకు ఊరెళ్ళాలంటే కారే కావాలా? నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఉంది, వరంగల్‌లో దింపుతుంది, టోలు అడగదు.

2024 అక్టోబర్ నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఒకటి ఉంది: అప్పు పత్రం మీద సంతకానికి ముందే మొత్తం వడ్డీ, చార్జీలు రాసిన కాగితం చేతికివ్వాలి. పక్కింటి కుర్రాడి వెంట షోరూమ్‌కు పోయి ఆ కాగితం అడిగాను. అమ్మే పిల్లాడు టై సర్దుకుని, "కాకా, అది లోన్ పాసయ్యాక వాట్సాప్‌లో వస్తుంది. ముందు రంగు చెప్పండి" అన్నాడు.