మూత్రపిండాల నిరాశ

"గ్రీటింగ్స్ ఆఫ్ ది డే! తమవంటి మహా పరిశోధకుల రచన మా పత్రికకు అలంకారం..."

ఇలా మొదలయ్యే మెయిలు అందుకోని అధ్యాపకుడు మన కాలేజీల్లో ఎవరైనా మిగిలి ఉంటే, ఆయనకు మెయిల్ ఐడీ లేదనే అనుకోవాలి. పళ్ల డాక్టరు గారిని సముద్ర జీవుల పత్రిక రారమ్మంటుంది. తెలుగు శాఖ మేడం గారికి కేన్సర్ జన్యుశాస్త్ర పత్రిక సంపాదకవర్గంలో కుర్చీ వేస్తుంది. వ్యాసం పంపడమే తరువాయి, వారంలో అచ్చు. డబ్బు సంగతి మాత్రం ఆ లేఖలో ఉండదు. ఆమోదించామన్న శుభవార్త వెనకాలే బిల్లు వస్తుంది.

ఈ మర్యాదకు ప్రపంచఖ్యాతి తెచ్చింది మన హైదరాబాదే. బిర్యానీకి, ముత్యాలకు వచ్చినంత పేరు రాలేదు గానీ, ఇక్కడి ప్రచురణ సంస్థ ఓమిక్స్ ఇంటర్నేషనల్ అంటే అమెరికా న్యాయస్థానాలకు బాగా తెలుసు. వందల కొద్దీ పత్రికలు, అంతకు మించి సదస్సులు. సమీక్ష పేరుకే జరుగుతుందనీ, ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు సంపాదకులుగా, వక్తలుగా వేసుకుంటున్నారనీ, ఫీజు సంగతి దాస్తున్నారనీ 2016లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దావా వేసింది. 2019 మార్చిలో నెవాడాలోని ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టమంది. అంతకు ముందు, 2013లో, దొంగ పత్రికల చిట్టా రాస్తున్న జెఫ్రీ బీల్ అనే కొలరాడో లైబ్రేరియన్‌ను 100 కోట్ల డాలర్లకు దావా వేస్తామని బెదిరించిన ఘనత కూడా ఈ సంస్థదే. కొలరాడోలో లైబ్రేరియన్ల జీతాల మీద మనవాళ్లకు ఎంత గొప్ప అంచనా ఉందో!

అదే ఏడాది జాన్ బొహానన్ అనే విలేకరి ఒక పరీక్ష పెట్టాడు. లైకెన్ నుంచి తీసిన పదార్థం కేన్సర్ కణాలను చంపుతుందని కావాలనే తప్పుల తడకగా ఒక పేపరు అల్లి, పేర్లు మార్చి మార్చి 304 పత్రికలకు పంపాడు. రచయితలు పుట్టలేదు, వాళ్ల సంస్థలు కట్టలేదు. ప్రయోగం ఇంకా ముచ్చటైనది. మందు వేసిన కణాల మీద బోలెడు ఆల్కహాల్ పోశారు, పోల్చి చూసే కణాల మీద పోయలేదు. కణాలు చచ్చాయి. మందు మహిమే, కాదనలేం. 157 పత్రికలు భేష్ అన్నాయి. ఆ 304లో మూడో వంతు మన దేశంలో కాపురముంటున్నవే. వాటిలో 64 సై అన్నాయి, 15 మాత్రం ఛీ పొమ్మన్నాయి. ఆ పదిహేనింటి సంపాదకులకు ఊరేగింపు జరగాల్సింది, జరిగిన దాఖలా లేదు.

పాపమంతా పత్రికలదే అంటే అన్యాయం. గిరాకీ ఉంది కనుకే దుకాణం తెరిచారు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆపరేషన్లు చేసే సర్జన్‌కు అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే ఎన్ని ప్రాణాలు నిలబెట్టావని అడగరు, ఎన్ని పేపర్లు వేశావని అడుగుతారు. పేపరులో ఏముందన్నది ఇంకో విషయం, దాని జోలికి ఏ కమిటీ వెళ్లదు. అందుకని పెళ్లిలో చదివింపుల పద్ధతి వచ్చింది. నా పేపరులో నీ పేరు, నీ పేపరులో నా పేరు, ఎవరెంత చదివించారో మనసులో లెక్క. పీజీ విద్యార్థి రాత్రుళ్లు మేలుకుని చేసిన థీసిస్‌లో మొదటి పేరు హెచ్‌ఓడీ గారిది. ఆయన దాన్ని చూసింది సంతకం పెట్టేటప్పుడే.

ఇక యూజీసీ. ఆమోదించిన పత్రికల జాబితా అని వేల పేర్లతో ఒకటి తయారు చేసింది. 2018 మేలో అందులోంచి 4,305 పత్రికలను ఒక్క దెబ్బకు తీసేసింది. అంతకు ముందు రోజు వరకు అవన్నీ ఆమోదం పొందినవే. వాటిలో వేసి పాయింట్లు సంపాదించి కుర్చీ ఎక్కినవాళ్లు ఇప్పుడు ఇంకొకళ్ల పేపర్లు లెక్కపెట్టే కమిటీల్లో ఉండరని ఎవరైనా హామీ ఇస్తారా?

కాపీ కొడితే పట్టేసే సాఫ్ట్‌వేర్ వచ్చింది కదా అంటారేమో. దానికి విరుగుడూ వచ్చింది. ఎత్తుకొచ్చిన పేరాను ఇంకో సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ప్రతి మాటకూ పర్యాయపదం పెట్టి ఇస్తుంది. గియోమ్ కబనాక్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 2021లో ఈ ముత్యాలను ఏరి బయటపెట్టారు. రొమ్ము కేన్సర్ కాస్తా 'వక్షస్థల విపత్తు' అయింది. కృత్రిమ మేధ 'నకిలీ చైతన్యం' అయింది. కిడ్నీ ఫెయిల్యూర్ ఏమైందనుకున్నారు? మూత్రపిండాల నిరాశ. డయాలసిస్ మంచం మీద పడుకున్న మనిషికి ఈ మాట చెబితే, కిడ్నీల సంగతి ఏమో గానీ తనకు మాత్రం నిరాశగానే ఉందంటాడు. ఇవి రాసినవాడు చదవలేదు. సమీక్షించినవాడు చదవలేదు. సంపాదకుడు చదవలేదు. డబ్బు కట్టిన రసీదు మాత్రం అందరూ చదివారు.

చిల్లర కొట్ల భాగోతం ఇది, పెద్ద షాపుల్లో ఇలా జరగదని నమ్మేవాళ్లకు ఒక మాట. 1807లో పుట్టిన వైలీ సంస్థ 2021లో హిందావి అనే ప్రచురణ సంస్థను దాదాపు 30 కోట్ల డాలర్లు పెట్టి కొనుక్కుంది. పేపర్లు టోకున తయారు చేసి అమ్మే ముఠాలు అప్పటికే లోపల సంసారం పెట్టాయి. 2023 ఒక్క ఏడాదే హిందావి 8,000 పేపర్లకు పైగా వెనక్కి తీసుకుంది. చివరికి ఆ పేరే ఎత్తేశారు. 2024 ఫిబ్రవరిలో ఫ్రాంటియర్స్ అనే ఇంకో ప్రచురణ సంస్థ పత్రికలో ఒక ఎలుక బొమ్మ అచ్చయింది. ఏఐ గీసిన ఆ మూషికానికి పురుషాంగం ఒంటి కన్నా పొడుగు, పక్కనున్న అక్షరాలు ఏ భాషవో బ్రహ్మకే తెలియాలి. ఒక సమీక్షకుడు బొమ్మల సంగతి అడిగినా రచయితలు పలకలేదు, పత్రిక ఆ ఎలుకను దాటుకునే వెళ్లింది. సోషల్ మీడియాలో జనం పగలబడి నవ్వాక మూడు రోజుల్లో తీసేసి, తప్పు పట్టినందుకు పాఠకులకు కృతజ్ఞతలు చెప్పారు. ఫీజు వాళ్లది, చదివే కూలి మనది.

నవ్వుకుని వదిలేద్దామంటే, ఈ సరుకు అల్మరాలో ఉండిపోదు. 2020 నవంబరులో ఈజిప్టు నుంచి ఒక కోవిడ్ పేపరు ఆన్‌లైన్‌లోకి ఎక్కింది. నులిపురుగులకు, గజ్జికి వాడే ఐవర్‌మెక్టిన్ వేసుకుంటే చావులు అమాంతం పడిపోతాయంది. పెద్ద పెద్ద పండితులు అన్ని అధ్యయనాల లెక్కలూ కలిపి తేల్చేటప్పుడు దీన్నీ కలుపుకున్నారు. 2021 ఏప్రిల్‌లో మన దేశంలో ఇంటి దగ్గరుండే రోగుల మార్గదర్శకాల్లో ఆ మాత్ర ఉంది. మేలో గోవా ప్రభుత్వం పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతివారికీ ఇస్తామని ప్రకటించింది. మన ఊళ్లలో మెడికల్ షాపు కుర్రాడే మూడు రోజుల కోర్సు కట్టి ఇచ్చాడు. ఇదంతా ఆ ఒక్క పేపరు పుణ్యమే అనడం లేదు. కానీ ఆ మాత్రకు వచ్చిన పేరులో దాని వాటా చిన్నది కాదు.

2021 జులైలో ఆ పేపరు మాయమైంది. పట్టుకున్నది ఏ మహా సంస్థా కాదు. లండన్‌లో జాక్ లారెన్స్ అనే విద్యార్థి, కోర్సులో భాగంగా దాన్ని చదవాల్సి వచ్చి, నిజంగానే చదివాడు. సార్స్ జబ్బు పూర్తి పేరులో 'సివియర్ అక్యూట్' ఉండాల్సిన చోట 'ఎక్స్‌ట్రీమ్ ఇంటెన్స్' అని కనిపించింది. పర్యాయపదాల యంత్రం ఇక్కడా తిరిగిందన్నమాట. రోగుల వివరాల ఫైలుకు తాళం వేసి ఉంటే 1234 కొట్టాడు. తెరుచుకుంది. ఒకరి వివరాలే ఇంకొకరివిగా అచ్చుగుద్దినట్టున్న రోగులు కనిపించారు. అధ్యయనం మొదలు కాకముందే చనిపోయినవాళ్లు కూడా అందులో ఉన్నారు.

ఆ నాలుగంకెలు కొట్టి చూడాలని అంతకు ముందు లెక్కలు కలిపిన పండితులకు తోచలేదు. తోచినా ఏం లాభం, ఒకరి పేపరు చదివినందుకు ఏ కమిటీ పాయింట్లు వేస్తుంది?